బట్టీ కాపలా

నిరుద్యోగ భృతి ఆఫీసు కిటికీ ముందు బుగ్గల బాబాయి నోరు తెరిచి నిలబడ్డాడు. ఆయన వెనక రెండు వందల మంది వరసలో ఉన్నారు. వాళ్లలో అయిదో మనిషి సీసాలక్క. దగ్గరలో ఉంది కాబట్టి అంతా చూసింది, అంతా విన్నది.

బుగ్గల బాబాయి గాజు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు గొట్టం ఊదినవాడు. గొట్టం చివర ఎర్రటి గాజు ముద్ద పట్టి, ఇవతలి చివర నోట పెట్టుకుని ఊదితే అది జాడీ అయ్యేది. ఊది ఊది ఆయన బుగ్గలు ఖాళీ సంచుల్లా సాగిపోయాయి. అందుకే ఆ పేరు. అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో.

కిటికీ లోపలి గుమాస్తా ఒక కాగితం బయటికి తోశాడు.

“ఈ సంతకం నీదేనా పెద్దాయనా?”

“నాదే బాబూ.”

“పోయిన నెల పన్నెండో తారీకు. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. ఫ్యాక్టరీలో డ్యూటీ చేశావు.”

“డ్యూటీ కాదు బాబూ, బట్టీ కాపలా. ఫ్యాక్టరీ మూసేసి నాలుగు నెలలైంది గదా. మంట ఆరిపోకుండా వంతులేసుకుని చూస్తున్నాం.”

“చూస్తూ కూర్చున్నావా, ఏమన్నా చేశావా?”

“బొగ్గు వేశా.”

“అది పని కాక పేకాటా? పని ఉన్నవాడికి భృతి రాదు. నీ పేరు కొట్టేశాం. జరుగు.”

“జీతం లేదు గదయ్యా.”

“అది నువ్వూ మీ ఓనరూ తేల్చుకోండి. నాకేం సంబంధం?”

బుగ్గల బాబాయి ఇంకేదో అడగబోయాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. గేటు దగ్గరి జవాను వచ్చి భుజం పట్టి పక్కకి లాగాడు. ముప్పై ఏళ్లు నిప్పు ముందు నిలబడ్డ మనిషి కాగితం ముందు నిలబడలేక మెట్ల మీద కూలబడ్డాడు.

తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. సీసాలక్క వంతు వచ్చింది.

“నేను బట్టీ దగ్గరికి పోలేదు సారూ. నాది సీసాలు ఏరే పని. వెలుతురుకి పెట్టి చూసి, పగుళ్లున్నవి తీసెయ్యడం. సీసాలే లేవు, ఇంక ఏరేదేంటి?”

“మీ ఆయన సంతకాలు ఎనభై ఉన్నాయి. ఇంట్లో ఒకళ్లు పనిలో ఉంటే రెండో వాళ్లకీ రాదు. రూలు.”

ఆ రోజు గాజు ఫ్యాక్టరీ నుంచి నలభై ఒక్క కుటుంబాల పేర్లు పోయాయి.

ఈ సంతకాల సంగతి చెప్పాలి. ఊళ్లో ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. ముందు నూలు మిల్లు, తర్వాత రేకుల ఫ్యాక్టరీ, ఆ తర్వాత గాజు. కొనేవాడు లేడన్నారు. ఎక్కడో పెద్ద బ్యాంకులు కూలాయన్నారు. ఎక్కడో ఏదో కూలితే ఇక్కడ పనివాడి ఇంటి పొయ్యి ఎందుకు ఆరాలో ఎవరూ చెప్పలేదు.

గాజు ఫ్యాక్టరీ మూసిన రోజున ఓనరు వచ్చి మెత్తగా మాట్లాడాడు. రెండు మూడు నెలల్లో మళ్లీ తెరుస్తానన్నాడు. బొగ్గు నేను ఉంచుతాను, బట్టీ మాత్రం మీ చేతుల్లో పెడుతున్నానన్నాడు. గాజు బట్టీ ఇంటి పొయ్యి లాంటిది కాదు. లోపల కరిగిన గాజు పాకంలా ఉంటుంది. మంట ఆరితే ఆ పాకం బండైపోతుంది, ఇటుకలు బద్దలవుతాయి. మళ్లీ కట్టాలంటే కొత్త ఫ్యాక్టరీ కట్టినంత పని. బట్టీ బతికుంటే మన పని బతికున్నట్టేనని అందరూ నమ్మారు. జీతం అడగకుండా వంతులేసుకున్నారు.

కాపలాకి ఒక పుస్తకం ఉంది. దిగేవాడు సంతకం పెట్టాలి, ఎక్కేవాడు పెట్టాలి. వెనకటికి ఎవడో సంతకం పెట్టకుండా దిగిపోతే, మంట ఎవరి వంతో తెలియక రెండు జాములు దాన్ని ఎవరూ చూడలేదు. పైకప్పు ఇటుక జారి ఒకడి ప్రాణం తీసింది. అప్పటి నుంచి బట్టీ దగ్గర ఒక మాట నిలిచింది: సంతకం లేని మంట తల్లి లేని బిడ్డ. అందుకే ఫ్యాక్టరీకి తాళం పడ్డాక కూడా వీళ్లు సంతకాలు పెట్టారు. పెట్టొద్దని ఎవరికీ తోచలేదు. ఆ చదువు వాళ్లకి లేదు, ఆ అనుమానం అంతకన్నా లేదు.

మంట ఎలా ఉందో చూస్తానని మేనేజరు ఒకనాడు ఆ పుస్తకం పట్టుకుపోయాడు. మనుషుల్ని ఇంటికి పంపిన ఓనరు భృతిలో తన వాటా కట్టాలి. అది ఎగ్గొట్టడానికి ఆయన ఈ పుస్తకం చూపించి, నా ఫ్యాక్టరీ మూతపడలేదు, అదిగో పనిచేస్తున్నారు అన్నాడు. ఆఫీసు సరేనంది.

జీతం అడిగితే పని లేదు. భృతి అడిగితే పని ఉంది. రెంటికీ చెడ్డ రేవడిలా అయ్యారు నలభై ఒక్క కుటుంబాల వాళ్లూ.

* * *

మర్నాడు పొద్దున బట్టీ షెడ్డులో మీటింగు పెట్టారు. సీసాలక్క మొగుడు, బట్టీ మేస్త్రి, మాట్లాడకుండా బొగ్గు ఎగదోస్తున్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ బట్టీకి ఆయనే పెద్ద. మంట రంగు చూసి లోపల ఎంత వేడి ఉందో చెప్పేస్తాడు. పెళ్లాం మొహం చూసి మాత్రం ఏమీ చెప్పలేడని ఫ్యాక్టరీలో వేళాకోళం.

కార్మిక సంఘం సెక్రటరీ లేచాడు. “తొందర పడొద్దు. అర్జీ పెడదాం. మీరు పనిలో లేరని ఓనరు చేత రాయించుకు రమ్మంటున్నారు ఆఫీసు వాళ్లు. అది తెద్దాం.”

“దొంగ దగ్గరికి పోయి దొంగతనం రసీదు అడగమంటావా తమ్ముడూ?” అన్నాడు గడ్డి మావ. సీసాల చుట్టూ గడ్డి చుట్టి పెట్టెలు కట్టడం ఆయన పని. “ఇస్తాడు. ఇచ్చి, మన వీపు మీద ముద్ర కూడా వేస్తాడు.”

“నవ్వులాట కాదు మావా.”

“నవ్వుతున్నానా? నిన్నటి నుంచి దవడ ఆడించే పని లేక ఆడిస్తున్నా.”

“మనకే కాదు,” అంది సీసాలక్క. అందరూ ఆమె వైపు తిరిగారు. “నిన్న వరసలో నూలు మిల్లు వాళ్లు ఉన్నారు. వాళ్లని పది గేట్ల దగ్గరికి పోయి, పని లేదని పది సంతకాలు తెమ్మన్నారంట. ఊళ్లో గేట్లన్నిటికీ తాళాలే. తాళం కప్పలు సంతకం పెడతాయా? తేలేదని వాళ్ల పేర్లు కొట్టేశారు. రేకుల వాళ్లకి ఆరు నెలలు దాటిందని ఆపేశారు. ఆరు నెలలు దాటితే ఆకలి మానుతుందా?”

“వాళ్ల సంగతి వాళ్ల సంఘం చూసుకుంటుంది,” అన్నాడు సెక్రటరీ.

“అందుకే మన సంగతి ఎవరూ చూట్టంలేదు.”

సెక్రటరీకి కోపం వచ్చింది. చివరికి అర్జీయే పెట్టారు. ఓనరు ఊళ్లో లేడన్నారు. మేనేజరు రాసివ్వనన్నాడు. ఆఫీసరు అర్జీ తీసుకుని, దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

మూడు వారాలు గడిచాయి.

సీసాలక్క ఇల్లు ఒకే గది. ఇద్దరు ఆడపిల్లలు. మొదటి వారం అమ్మగలిగినవి అమ్మింది. రెండో వారం అప్పు పుట్టినంత పుట్టింది. మూడో వారం పుట్టలేదు. పెద్దపిల్ల అడగడం మానేసింది. చిన్నపిల్ల ఆకలేస్తే నిద్రపోవడం నేర్చుకుంది. అయిదేళ్ల పిల్ల పట్టపగలు గోడ వైపు తిరిగి, కళ్లు గట్టిగా మూసుకుని పడుకునేది. అది చూసిన రోజున తల్లి లోపల ఏదో చిట్లింది. వెలుతురుకి పెట్టి చూసినా కనపడని పగులు అది.

బుగ్గల బాబాయికి ఎవరూ లేరు. గది అద్దె కట్టలేక సామాను మోసుకుని బట్టీ షెడ్డుకి వచ్చేశాడు. ఊళ్లో వెచ్చగా ఉన్న చోటు అదొక్కటే. వంతు కాకపోయినా బొగ్గు వేసేవాడు. దగ్గేవాడు. వేసి మళ్లీ దగ్గేవాడు.

ఒక పొద్దున ఆరింటికి గడ్డి మావ వంతు మారడానికి వెళ్లాడు. బుగ్గల బాబాయి బొగ్గు కుప్పకి ఆనుకుని కూర్చున్నాడు. పార ఒళ్లో ఉంది. మంట నిండుగా ఉంది. మనిషి చల్లబడిపోయాడు.

భృతి పట్టీలో ఉన్నవాడు పోతే సాగనంపడానికి సర్కారు కొంత సాయం ఇస్తుంది. సీసాలక్కా గడ్డి మావా ఆఫీసుకి పోయారు.

“ఆయన పనిలో ఉన్న మనిషి,” అన్నాడు గుమాస్తా. “డ్యూటీలో పోయాడు. ఓనరే ఇవ్వాలి.”

మేనేజరు దగ్గరికి పోయారు.

“ఎవరాయన?” అన్నాడు మేనేజరు. “మూసేసిన ఫ్యాక్టరీలో చొరబడి పడుకున్నాడు. మాకేం సంబంధం? కేసు పెట్టనందుకు సంతోషించండి.”

బతికుండగా ఆయన్ని ఇద్దరూ తోసేశారు. పోయాక కూడా ఇద్దరూ తోసేశారు. నలుగురూ తలో చెయ్యి వేసి మట్టి చేశారు.

* * *

ఆ మధ్యాహ్నం సీసాలక్క మొగుడికి ఎదురుగా కూర్చుంది. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. ఎంత కడిగినా గోళ్లలో బొగ్గు పోదు.

“ఏవయ్యా, ఇంక బొగ్గు వెయ్యడం ఆపు.”

ఆయన కడుక్కుంటూనే ఉన్నాడు.

“నీకే చెప్తున్నా.”

“బట్టీ చస్తుంది.”

“బాబాయి చచ్చాడు.”

“బట్టీ ఆరితే మళ్లీ ఎవడూ వెలిగించడే. పిల్లల కాలానికి కూడా పని ఉండదు.”

“పిల్లలుంటే గదా వాళ్ల కాలం.”

మేస్త్రి చేతులు ఆగాయి.

“ఇరవై ఆరేళ్లు దానికి కాపలా కాశావు,” అంది ఆమె. “నేను కాదన్నానా? నా పురుళ్లప్పుడు కూడా నువ్వు దాని దగ్గరే ఉన్నావు. అది మనకి కూడు పెట్టినన్నాళ్లు అమ్మే. ఇవాళ మన కూడు తినేస్తోంది. నువ్వు వేసే ప్రతి పార బొగ్గూ ఆ గుమాస్తాకి సాక్ష్యం. నీ చేత్తో నీ పిల్లల పేర్లు కొట్టేస్తున్నావు.”

చిన్నపిల్ల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మేస్త్రి ఆ వైపు చూశాడు. నిద్రపోవడం లేదని, నిద్రపోవాలని చూస్తోందని ఆయనకి అప్పుడే అర్థమైంది. లేచి బయటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం షెడ్డులో మళ్లీ మీటింగు. ఈసారి సీసాలక్క నూలు మిల్లు వాళ్లనీ రేకుల వాళ్లనీ కూడా పిలిచింది. షెడ్డు పట్టక గేటు దాకా నిండారు. అరుచుకున్నారు. గాజు వాళ్లకి ఆయుధముంది, మాకేముందని రేకుల వాళ్లన్నారు. ఆయుధం కాదది, మా అన్నం కుండ, పగలగొట్టుకోమంటారా అని ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. ఖాళీ కుండకి ఇంత కాపలా ఎందుకురా అన్నాడు గడ్డి మావ. అందరూ అరిచి అలిసిపోయాక మేస్త్రి లేచాడు.

“రేపు మధ్యాహ్నం దాకా బొగ్గు వేస్తాను,” అన్నాడు. “ఆఫీసరు వచ్చి రూలు మారుస్తానని రాసివ్వాలి. లేకపోతే మంట తీసేస్తాను.”

అంతే. కూర్చున్నాడు. ఆయన ఏడాదికి మాట్లాడే మాటలు ఆ రోజుతో అయిపోయాయన్నారు.

రూలు ఎలా మార్చాలో అక్కడే తేల్చారు. నూలు మిల్లు పిన్ని ఒకామె చెప్తుంటే సెక్రటరీ రాశాడు. జీతం ముట్టనివాడు పని లేనివాడే. ఇంట్లో ఒకరిని చూపించి ఇంకొకరికి కొట్టెయ్యకూడదు. తాళం వేసిన గేట్ల దగ్గరికి సంతకాలకి తిప్పకూడదు. ఫ్యాక్టరీలు తెరిచేదాకా భృతి ఆగకూడదు. కింద మొదటి సంతకం సెక్రటరీయే పెట్టాడు.

* * *

ఆ కాగితం ఆఫీసరుకి అందిన గంటలో, అయిదు నెలలుగా కనపడని ఓనరు కారు గేటు ముందు ఆగింది. మేనేజరు దిగాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఆఫీసరు వచ్చాడు, ఇన్‌స్పెక్టరు వచ్చాడు, ఇరవై మంది పోలీసులు వచ్చారు. గేటు అవతల మూడు ఫ్యాక్టరీల జనం, వాళ్ల పిల్లలు. కొందరు కాలేజీ కుర్రాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. రేపు వాళ్లూ ఆ వరసలోకి రావలసినవాళ్లే.

“మేస్త్రీ, బుద్ధుందా?” అన్నాడు మేనేజరు. “సోమవారం కొనేవాళ్లు వస్తున్నారు. నాలుగు రోజులు ఆగలేవా?”

మేస్త్రి పార కింద పెట్టాడు.

“ఏం కొనేవాళ్లు?” అంది సీసాలక్క.

మేనేజరు నాలుక కరుచుకున్నాడు. జారిన మాట వెనక్కి రాదు. వెలుగుతున్న బట్టీకి ఒక ధర, ఆరిన బట్టీకి పాత ఇటుకల ధర. ఓనరు ఫ్యాక్టరీ తెరవబోవడం లేదు, అమ్మబోతున్నాడు. అయిదు నెలలు కడుపు మాడ్చుకుని వీళ్లు కాసింది తమ పనిని కాదు, ఆయన ధరని.

“కొనేవాళ్లు మమ్మల్ని పెట్టుకుంటారా?” అన్నాడు గడ్డి మావ. ఈసారి నవ్వించే గొంతు కాదది.

మేనేజరు ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు ముందుకొచ్చాడు. మేస్త్రినీ సీసాలక్కనీ పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

“చూడమ్మా, సోమవారం దాకా మంట ఉంచండి. మీ నలభై ఒక్క కుటుంబాల పేర్లూ ఇవాళే మళ్లీ ఎక్కిస్తాను. ఆగిన వారాలది కూడా ఇప్పిస్తాను. సాయంత్రానికి మీ ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.”

సీసాలక్కకి చిన్నపిల్ల కళ్లముందు మెదిలింది. ఔను అనడానికి నోరు తెరిచింది కూడా. అబద్ధం చెప్పడం ఎందుకు, తెరిచింది. అప్పుడు గేటు ఊచల మధ్య నుంచి నూలు మిల్లు పిన్ని మొహం కనపడింది. ఆమె చంకలో బిడ్డ ఉంది.

“మరి వాళ్లు?”

“అది రూలు అమ్మా. నా చేతిలో లేదు.”

“మావి కొట్టేసిందీ రూలే గదా. అది ఎట్లా నీ చేతిలోకి వచ్చింది?”

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. “మీ మంచికి చెప్తున్నా. మీ పిల్లల సంగతి మీరు చూసుకోండి.”

ఆమె మొగుడి వైపు తిరిగింది. నలుగురి ఎదుట ఆయన మీద బరువు పెట్టకూడదనుకుంది. కానీ ఆ బట్టీ ఆయనది. మేస్త్రి ఆమె మొహంలోకి చూశాడు. ఫ్యాక్టరీలో వేళాకోళం అబద్ధమని ఆ రోజు తేలింది.

ఆయన పొడుగాటి ఇనప కొక్కెం తీసుకుని బట్టీ మూతి తెరిచాడు. వేడికి అందరూ వెనక్కి జరిగారు. నిప్పులు లాగడం మొదలుపెట్టాడు. పోలీసులు కదిలేసరికి గడ్డి మావా ఇంకో పదిమందీ చేతులు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. లాఠీలు లేచాయి. గడ్డి మావ నుదురు పగిలింది. సెక్రటరీ మొదటిసారి దెబ్బ తిన్నాడు, చెయ్యి మాత్రం వదల్లేదు. వెనక మేస్త్రి లాగుతూనే ఉన్నాడు. ఎర్రటి నిప్పులు నేల మీద పడి నల్లబడుతున్నాయి. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి మరి.

పోలీసులు ఆయన్ని చేరేసరికి లాగడానికి ఏమీ మిగల్లేదు.

ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని కాగితాలు తీశాడు. మేనేజరుని అడిగాడు.

“ముందు ఒకటి తేల్చండి. ఇతను మీ పనివాడా? మీ పనివాడైతే ఇది కార్మిక తగాదా, లేబరు కోర్టుకి పోవాలి. బయటివాడైతే చొరబడి ఆస్తి నాశనం చేశాడని నేనే లోపల వేస్తాను.”

“బయటివాడే,” అన్నాడు మేనేజరు, ఊపిరి తీసుకోకుండా. “మా దగ్గర అయిదు నెలలుగా ఒక్క పనివాడు కూడా లేడు. వీళ్లంతా పని లేని జనం.”

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. ఆఫీసరు మొహం పాలిపోయింది.

“ఏం రాశావో చదువు సారూ,” అంది సీసాలక్క.

ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూ చదివాడు. “వృత్తి: ఏమీ లేదు. అయిదు నెలలుగా పని లేనివాడు.”

“విన్నావా ఆఫీసరుగారూ?”

“అది... ఆయన ఒక్కడి గురించి. మిగతావాళ్ల సంగతి వేరు,” అన్నాడు ఆఫీసరు.

మేస్త్రిని వ్యాను ఎక్కించారు. ఎక్కుతూ ఆయన ఒక్కసారి ఆగాడు. షెడ్డులోంచి ఫెళ్లుమని చప్పుడు వచ్చింది. మొదటి ఇటుక. ఆయన తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ పూట వాళ్ల ఇంట్లో ఏమీ లేదు. మర్నాటికీ ఏమీ లేదు. పని పోయింది, పని వస్తుందన్న ఆశ కూడా చల్లబడి బండ కడుతోంది, మొగుడు జైలుకి పోతున్నాడు. ఏడవడానికి ఆమె కూర్చోబోయింది. కూర్చోలేదు. వ్యాను పోయిన దారినే నడిచింది. వెనక అడుగుల చప్పుడు వినపడితే తిరిగి చూడకుండానే ఎంతమందో లెక్క వేసింది. లెక్క అందలేదు.

పోలీసు స్టేషను ముందు వరస కట్టారు. భృతి ఆఫీసు ముందు నిలబడి నిలబడి వరసలో నిలబడటం అందరికీ బాగా వచ్చింది. మొదట సీసాలక్క. వెనక నుదుటికి గుడ్డ కట్టుకుని గడ్డి మావ. సెక్రటరీ. నలభై ఒక్క కుటుంబాలు, రేకుల వాళ్లు, నూలు మిల్లు వాళ్లు. వీధి మలుపు తిరిగినా వరస అవలేదు.

“ఏంటిదంతా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మంట తీసింది ఆయనొక్కడే కాదు. మేమందరం. మా పేర్లు కూడా రాసుకో.”

“ఇంతమందిని పెట్టడానికి నా దగ్గర గదులు లేవమ్మా.”

“గదులు నీ దగ్గరే ఉంచుకో. రాసి, నకళ్లు మా చేతికివ్వు. అవి పట్టుకుని రేపు ఆ భృతి కిటికీకి పోవాలి.”

ఇన్‌స్పెక్టరు వీధి వైపు చూశాడు. జవాన్ల వైపు చూశాడు. జవాన్లు నేల చూపులు చూస్తున్నారు. వాళ్లలో ఒకడి అక్క ఆ వరసలోనే ఉంది.

అతను కుర్చీ లాక్కుని కూర్చుని కలం మూత తీశాడు.

“ఏం పని చేస్తావు?”

“పని లేదు,” అంది సీసాలక్క. “కనపడేటట్టు రాయి.”